బొమ్మలో లేని వీపు

"ఈ గౌను వీపు విప్పెయ్యండి న్యా ఉర్సులా! ఇప్పుడే, నా కళ్ల ముందే!"

బడిపంతులమ్మ రుఫీనా గౌనును తెచ్చి కుట్టుమిషను మీద పడేసింది. నిమ్మపండు రంగు గౌను. ముందు భాగం బ్యూనస్ ఐరిస్ నుంచి ఓడలో వచ్చే ఫ్యాషన్ పుస్తకంలోని పదిహేడో పేజీ బొమ్మకి అచ్చు గుద్దినట్టుంది. వెనక మాత్రం మెడ నుంచి నడుము దాకా ఏటవాలుగా ఏడు గుండీలు, చివర ఆకుపచ్చ ముడి.

ఊళ్లో అందరూ గౌరవంగా 'న్యా' అని పిలిచే దర్జీ ఉర్సులా, పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని అడిగింది.

"ఏం, వీపుకేమొచ్చింది?"

"బొమ్మలో ఇలాగే ఉందా?"

"మరెలా ఉందో నువ్వే చూసి చెప్పు."

రుఫీనా పుస్తకం తెరిచింది. పదిహేడో పేజీ అమ్మాయి ఎదురుగా నిలబడి నవ్వుతోంది. పదహారో పేజీ అమ్మాయీ అంతే, పద్దెనిమిదీ అంతే.

"బొమ్మలో వీపే లేదు."

"లేనిదాన్ని నేను తప్పుగా ఎలా కుట్టానే పిల్లా?"

కొన్సెప్సియోన్ ఊళ్లో ఆడవాళ్లంతా ముందు నుంచి చూస్తే బ్యూనస్ ఐరిస్, వెనక నుంచి చూస్తే ఉర్సులా. పుస్తకం చూసి ముందు భాగం ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు గానీ, వీపు మాత్రం ఆవిడ ఇష్టం. ఒకరికి పెట్టిన వీపు ఇంకొకరికి పెట్టదు. ఆదివారం చర్చిలో వెనక బెంచీల వాళ్లకి ఫాదర్ చెప్పిన మంచిమాటల కంటే ఆ వీపులే బాగా గుర్తుంటాయి.

"మీకు సంగతి తెలీదు," అంది రుఫీనా ఏడుపు గొంతుతో. "నోటరీ గారి భార్యది కూడా ఇదే పేజీ. ఆవిడ కుట్టించుకోలేదు, కేటలాగు చూసి నేరుగా తెప్పించుకుందట. పెట్టెలో మడతపెట్టి పంపారట. మాంసం కొట్టు దగ్గర అందరి ముందూ ఏమందో తెలుసా? 'శనివారం క్లబ్బు డాన్సులో అసలేదో నకలేదో జనమే చూస్తారు, ఈ ఊరి సూదికి బ్యూనస్ ఐరిస్ వీపు ఏం తెలుస్తుంది' అంది. అందరూ పగలబడి నవ్వారు."

ఉర్సులా గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"నా చెవిన బుధవారమే పడింది. ఆ తర్వాతే నీ వీపు కుట్టాను."

"తెలిసీ ఇలా కుట్టారా? మీకేం, శనివారం తలదించుకోవాల్సింది నేను! గుండీలు పీకేసి సాదాగా చెయ్యండి, ఎవరి కంటా పడకుండా ఓ మూల కూర్చుంటాను. లేకపోతే సోమవారం బళ్లో పిల్లలు కూడా నన్ను నకలు టీచరమ్మ అంటారు."

"ఒక్క కుట్టు విప్పను."

"అయితే నేను డాన్సుకే వెళ్లను!"

"మానెయ్. ఇక నుంచి ఏ రంగు వేసుకోవాలో, ఏ కొప్పు పెట్టుకోవాలో రోజూ పొద్దున్నే ఆ నోటరీ భార్య దోన్యా ఎదెల్మీరా గారిని అడిగి మరీ వేసుకో. నీ జీతంతో గుడ్డ కొన్నావు, నా చేత్తో నేను కుట్టాను. ఇందులో నకలు ఎక్కడుందో చూపించు, అప్పుడు విప్పుతాను."

రుఫీనా గౌను వెనక్కి తిప్పి గుండీలు ఒక్కొక్కటే తడిమింది. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని బయల్దేరింది.

"వెళ్తాను. వీపు దాచుకోను కూడా."

శనివారం పొద్దు వాలకముందే క్లబ్బు నిండిపోయింది. దోన్యా ఎదెల్మీరా అందరికంటే ముందొచ్చి, గోడకి ఆనించిన కుర్చీలో మహారాణిలా కూర్చుంది. నిమ్మపండు రంగు గౌను, చేతిలో విసనకర్ర. వచ్చినవాళ్లంతా ఆవిడ దగ్గరికే వెళ్లి వంగి వంగి పలకరిస్తున్నారు. గుమ్మంలో రుఫీనా కనబడగానే ఆవిడ మొహం విప్పారింది.

"రావమ్మా టీచరమ్మా, రా! అబ్బో, నా గౌనే వేసుకొచ్చావే! ముందు వైపు పరవాలేదు. ఏదీ, ఓసారి వెనక్కి తిరుగు. మన ఊరి సూది పనితనం అందరం చూసి తరిద్దాం."

నవ్వులు మొదలయ్యాయి. హార్పు వాయించేవాడు కూడా చెయ్యి ఆపి మెడ సాచాడు. రుఫీనాకి పారిపోదామనిపించింది. అంతలోనే ఒళ్లు మండింది. ఎవరి కోసం పారిపోవాలి?

"కళ్లారా చూడండి దోన్యా! ఇది న్యా ఉర్సులా కుట్టిన వీపు. ఏ పెట్టెలోనూ రాలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. నాకు దీంట్లో సిగ్గేమీ లేదు!"

నడుం మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా, అందరికీ కనబడేలా తిరిగింది.

"అబ్బ, ఆ గుండీలు ఎంత బాగున్నాయే!" అంది ఎవరో ముసలావిడ.

ఎదెల్మీరా విసనకర్ర ఆగిపోయింది. "నా శాలువా ఏదీ? ఎవరక్కడ, నా శాలువా తెండి!" అంది. ఆ ఉక్కలో శాలువా ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఈలోగా హార్పు మీద పోల్కా డాన్సు పాట అందుకున్నారు. పోల్కా వినబడితే ఆగలేని నోటరీ గారు పరుగున వచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండీ, నాకు కాళ్లు నొప్పులు!"

"మొదటి పోల్కా మనదే కదా, లే లే!" అంటూ ఆయన ఆవిడని లాగి గదంతా చూస్తుండగా గిర్రున తిప్పాడు.

ఆవిడ వీపు మీద కూడా ఏటవాలుగా అవే ఏడు గుండీలు, చివర అదే ఆకుపచ్చ ముడి.