అడ్వాన్సు ముట్టింది

కార్డు మిషను టేబుల్ మీదికి రాగానే డిటెక్టివ్ దానికేసి మురిపెంగా చూశాడు.

"ఇది ముందే ఉండుంటే ముగ్గురు పెళ్లాలు చేజారిపోయేవారు కాదండీ" అన్నాడు.

బ్యాంకు ఏజెంటు ఉలిక్కిపడ్డాడు.

"ఆయన పెళ్లాలు కాదు నాయనా. ఎవరెవరివో" అని సర్దిచెప్పింది టైపిస్టు పిన్ని.

నిజమే. మొగుళ్ల మీద అనుమానంతో ఆయాసపడుతూ మూడంతస్తులు ఎక్కొచ్చిన ఇల్లాళ్లు, చేతిలో కార్డు తప్ప నగదు లేక, ఎదురు మేడలో ఉన్న ఇంకో డిటెక్టివ్ దగ్గరికి పోయారు. అక్కడ మిషనుంది. ఇంకో నెల ఇలాగే సాగితే ఈ ఆఫీసుకి తాళమే.

ఏజెంటు ఫారాలు తీశాడు. "కింద బోర్డు మీద మీ పేరు లేదేంటండీ?"

"ఈ వృత్తిలో పేరు బయటపడితే పనైపోయినట్టే. నేనేం చేస్తానో మా ఇంటి గోడలక్కూడా తెలీదు" అన్నాడు డిటెక్టివ్, సంతకాలు గీకుతూ.

పక్కగదిలో ఫోను మోగింది. పిన్ని వెళ్లి తీసింది. పది నిమిషాలు "ఊఁ... అయ్యో... ఎంత మాట!" అంటూ విని, లైన్లో ఉండమని చెప్పి గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, ఎవరో ఇల్లాలు. తన పేరూ, మొగుడి ఫొటో అడ్వాన్సు కట్టాకే ఇస్తుందట. మొగుడు ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో తెలీదట. ఏం ఉద్యోగమంటే 'నీకెందుకు' అంటాడట. ఫోనొస్తే బాత్రూములో దూరి గుసగుసలట. చొక్కా ఉతకబోతే జేబులో ఆడవాళ్ల ఫొటోలట."

"ఫొటోలా? ఒకటి కాదా?"

"వారానికొకటి."

డిటెక్టివ్ ఈల వేశాడు. "ఘటికుడే! మూడు రోజుల్లో ఆ వెధవని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి ఆవిడ ముందు నిలబెడతానని చెప్పండి."

"పాపం, ఏడుస్తోంది. ఎవరైనా చూస్తారని ఇక్కడికి రావడానికి భయమట. డబ్బెలా కట్టాలంటోంది."

"రానక్కర్లేదండీ!" ఏజెంటు హుషారుగా లేచాడు. "ఆవిడ ఫోనుకి లింకు పంపుతా. ఉన్నచోటి నుంచే కార్డు నంబరు కొడితే చాలు, ఈ మిషనులో రసీదు వచ్చేస్తుంది."

పక్కగదిలోకి వెళ్లి, ఆవిడ నంబరు తీసుకుని, లింకు పంపించి వచ్చాడు. ముగ్గురూ మిషనుకేసి గుడ్లప్పగించి కూర్చున్నారు.

డిటెక్టివ్ ఊరుకోలేకపోయాడు. "ఇలాంటివాళ్ల వల్లే పిన్నిగారూ, మగజాతికి చెడ్డపేరు. మా ఆవిడ కంట్లో నీటిచుక్క నేనింతవరకూ చూళ్లేదు, తెలుసా?"

మిషను కీచుమంది. కాగితం బయటికొచ్చింది.

"ముట్టింది!" అని ఏజెంటు చప్పట్లు కొట్టాడు. పిన్ని కళ్లు ఒత్తుకుంది. డిటెక్టివ్ కాలరెగరేసి, జేబులో గుర్రుమన్న ఫోను తీశాడు.

రెండు మెసేజులున్నాయి.

మొదటిది అతని ఆఫీసు ఖాతాలో ఐదు వేలు జమ అయినట్టు; రెండోది, అదే నిమిషంలో ఆ ఐదు వేలే అతని సొంత ఖాతా మీద తీసిచ్చిన భార్య కార్డు నుంచి ఖర్చయినట్టు.