ఇరవై తొమ్మిదో కాయ

బల్ల మీద నిలబెట్టిన అట్టముక్కని ఆవిడ మెల్లగా బోర్లించింది.

జగన్నాధం దాన్ని తీసి మళ్లీ నిలబెట్టాడు.

ఆవిడ మళ్లీ బోర్లించింది.

"ఏం కావాలమ్మా?"

"నాకేటీ అక్కర్లేదు బాబూ. ఈ రాసింది తీసీండి, సాలు."

రాసిందేమిటంటే, 'జగన్నాధం రకం. 1840 నాటి రాణి రూపాయి. ఇరవై తొమ్మిది కాయలు. తొలిసారిగా.' దాని ముందు మఖమల్ గుడ్డ మీద ఏడు వెండి రూపాయలు వరసగా కూర్చున్నాయి.

విజయనగరంలో ఓ కల్యాణ మండపం తీసుకుని పాత నాణేల సంఘం పెట్టిన ప్రదర్శన అది. జగన్నాధం కాలేజీలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పాడు. రిటైరయ్యాక ఆకులూ కాయలూ వదలబుద్ధి కాక, వాటిని రూపాయల మీద వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ రూపాయికి ముందు రాణి తల. వెనక ఆకుల దండ. దండలో గసగసాలంత కాయలు. అచ్చు మారితే కాయల లెక్క మారుతుంది. కొన్నిటికి పంతొమ్మిది, కొన్నిటికి ఇరవై ఎనిమిది, మరికొన్నిటికి ముప్పై అయిదు. ఇరవై తొమ్మిది మాత్రం ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అది పుస్తకంలోకెక్కితే పక్కనే తన పేరూ ఎక్కుతుంది.

"బియ్యంలో రాళ్లు కనబడని కళ్లకి ఇవెలా కనబడతాయో" అని భార్య ఈశ్వరి రోజూ అంటూనే ఉంది.

"పేరు పడనీ, అప్పుడు చూద్దువుగాని" అని ఆయనా రోజూ అంటూనే ఉన్నాడు.

బరంపురం నుంచి నాణేల నిపుణుడు పృథ్వీరాజ్ వచ్చి, చూసి, ఔననాలి. అంతే మిగిలింది. ఆయన రైలు రెండు గంటలు లేటు.

ఈలోగా ఈవిడ తగులుకుంది. అరవై దాటిన మనిషి. నేత చీర, భుజాన గుడ్డ సంచి.

"ఎందుకు తియ్యాలి?"

"ఓ కాయ ఎక్కువున్నాది కదా."

"అందుకే కదమ్మా పెట్టింది."

"ఎక్కువున్నాదంటే తప్పు కదా బాబూ."

"తప్పు కాదు, అరుదు."

"అరుదా?" ఆవిడ ఏడు రూపాయల్నీ వేలితో ఒక్కొక్కటే చూపించింది. "అరుదైంది ఏడు దొరికీనాయేటి? ఎక్కడ కొన్నారు?"

జగన్నాధం రూపాయల వరస సర్దాడు. ఏడూ ఒకే సంతలో, ఒకే మనిషి దగ్గర కొన్నాడు. ఆ ముక్క తన వ్యాసంలో ఎక్కడా రాయలేదు.

"నువ్వేం చదువుకున్నావమ్మా?"

"సదువుకోలేదు. లెక్కెట్టడం వచ్చు. బస్టాండు కాడ మీ ఫ్లెక్సీ మీద రూపాయి బొమ్మ సూసీనాను. కాయలు లెక్కెట్టుకుని, రాసింది పక్కోళ్ల సేత సదివించుకుని, బస్సు దిగీసి వచ్చీసినాను."

పక్క బల్లల వాళ్లు నవ్వారు. జగన్నాధం గొంతు పెంచాడు.

"ఇది కుంఫిణీ టంకశాల అచ్చు. వాళ్ల పనిలో తప్పులుండవు."

"ఆళ్ల పనైతే ఉండవు. అదే సెప్తన్నాను."

"గాజుల కొట్లు పక్క వీధిలో ఉన్నాయమ్మా. అక్కడ బేరమాడుకో."

"గాజులేసుకునే వచ్చినాను." ఆవిడ చేతులు రెండూ ఎత్తి చూపించింది. "మీరు తీసేదాకా కదల్ను. ఇది పుస్తకంలోకెక్కిందంటే ఇంక పట్టలేం. జనం ఎగబడి కొనీస్తారు."

అట్టముక్కని మూడోసారి బోర్లించింది. ఈసారి దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఈ కాయ ఎవలు పెట్టినారో తెలుసా మీకు? అడగండి, సెప్తాను."

జగన్నాధం అడగలేదు. వాచ్‌మన్ ఎల్లాజీని పిలిచాడు.

"నన్ను లాగక్కర్లేదు నాయనా, కాళ్లున్నాయి" అంటూ ఆవిడ నడిచి వెళ్లింది. తల దించుకోలేదు.

రెండు దాటాక పృథ్వీరాజ్ వచ్చాడు. ఓ రూపాయి అంచులు పట్టుకుని తిప్పి చూశాడు. భూతద్దం జేబులోంచి తియ్యనే లేదు.

"పోతపోసినవి సార్. ఏడూ."

"అంటే?"

"నకిలీవి. ఎంత బాగా చేశారంటే, బరువులో గానీ మోతలో గానీ మాకే దొరకవు. దొరికేది ఒక్క కాయ దగ్గరే. అది చూసే ఎంతోమందిమి మోసపోకుండా బయటపడ్డాం. అంత పనితనం ఉన్నవాడు ఒక్క కాయ ఎందుకు తప్పాడో ఎవరికీ అంతుబట్టలేదు." రూపాయిని జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు. "ఎప్పుడైనా ఎదురైతే ఆ పనివాడికి ఓ దండం పెట్టాలి సార్."

జగన్నాధం కుర్చీలో కూర్చోబోయి ఆగాడు. 'అడగండి, సెప్తాను' అన్న మాట అప్పుడు వినబడింది ఆయనకి.

చెప్పుల్లేకుండానే గేటు దాకా పరిగెత్తాడు.

"ఇందాకటావిడేదీ?"

"బస్సెక్కీసుంటాది సార్, గంట దాటిపోనాది" అన్నాడు ఎల్లాజీ. "వచ్చినోళ్లందరిచేతా అభిప్రాయం రాయించమన్నారు కదా మీరు. రాయడం రాదన్నాది. ఆవిడ సెప్తంటే నానే రాసినాను."

జగన్నాధం రిజిస్టరు అందుకున్నాడు. ఎల్లాజీ వంకర అక్షరాల్లో చివరి వరస:

'పేరు తాయారు. మెడలో ఏసుకునే దండలకని, పోత పొయ్యడానికి రూపాయి బొమ్మలు మైనంతో దిద్దేదాన్ని. మా షావుకారు వాటిని పాతవని అమ్ముతున్నాడని తెలిసి, సూదిమొనతో ప్రతి బొమ్మకీ ఒక కాయ ఎక్కువ పెట్టి, ఆ పని పోగొట్టుకున్నాను.'