తువ్వాలు వేసిన సీటు

బద్వేలు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు వేసినవాడిదే. సాక్షాత్తూ దేవుడొచ్చినా నిలబడాల్సిందే.

కిరాణా కొట్టు పెద్దసుబ్బయ్యకు ఆ ధర్మం బాగా తెలుసు. కడప బస్సు ఆగీ ఆగకముందే తువ్వాలు విసిరాడు. కూతురు శ్రీవాణినీ, ఆమె చేతిలోని చార్టునూ జనంలోంచి లాక్కుంటూ పైకెక్కాడు.

తీరా చూస్తే సీట్లో ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మడతపెట్టి ఆయన ఒళ్లో ఉంది.

పెద్దసుబ్బయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమప్పా, తువ్వాలు వేసింది కనపడ్లేదా? కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

కింద పడి ఉంటే తీసి మడిచానని ముసలాయన చెప్పబోయాడు. పెద్దసుబ్బయ్య వింటేగా! బస్సంతా తిరిగి చూసేలా నోరు పారేసుకున్నాడు.

ముసలాయన తువ్వాలు చేతికిచ్చి, లేచి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

అది రెండువేల ఏడో సంవత్సరం. ఆ రోజు కడపలో సైన్సు ప్రదర్శన. బెంగళూరు నుంచి సైంటిస్టు వచ్చి, పిల్లల బొమ్మలు చూసి, నచ్చినవాళ్లను ఎండాకాలం సెలవుల్లో తన ల్యాబుకు పిలుస్తాడట. పదో తరగతి శ్రీవాణి నెల రోజులుగా అదే కలవరిస్తోంది. పిలుపు వచ్చేసినట్టే పెద్దసుబ్బయ్య బజారంతా చాటాడు.

అట్లూరు దాటాక ముసలాయన చార్టు వైపు వంగాడు. గెలాక్సీ నడుమ కృష్ణబిలం. బాణాలన్నీ లోపలికే.

"పాపా, అది అంతా మింగేస్తే ఇన్ని నక్షత్రాలు ఎట్ల మిగిలుండాయి?"

శ్రీవాణి చటుక్కున తలెత్తింది. ఆ ప్రశ్న ఆమెనూ తొలుస్తూనే ఉంది. ముసలాయనే జవాబూ చెప్పాడు.

"అది మింగేది కొంచెమే. మింగేటప్పుడు పుట్టే వేడి చుట్టూ ఉండే వాయువును బయటికి తంతాది. మంట ఎక్కువైతే పాలు పొంగిపోవా, అట్ల. వాయువు పోతే కొత్త నక్షత్రాలు పుట్టేది తగ్గిపోతాది. గెలాక్సీ ఎంత పెరగాల్నో అది కూడా చెప్తాదన్నమాట. రెండు బాణాలు బయటికి గీయి."

శ్రీవాణి స్కెచ్ పెన్ను తీసింది. పెద్దసుబ్బయ్య లాగేసుకున్నాడు.

"సీటు అయిపోయింది, ఇప్పుడు బొమ్మ మీద పడినావా? నా కూతురు నెల దినాలు గీసిందాన్ని చెడగొట్టేదానికి ఎవురు నువ్వు?"

అంతటితో ఊరుకోలేదు. ఈయన్ని దించితే గానీ బస్సు కదలనివ్వనని కండక్టరు మీద పడ్డాడు. సిద్ధవటంలో ముసలాయనే గుడ్డసంచి తీసుకుని దిగిపోయాడు.

"కొట్లాట వద్దప్పా. నేను వెనక బస్సులో వస్తా."

కడప దాకా శ్రీవాణి తండ్రి మొహం చూడలేదు. ఆ పిల్లకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ప్రదర్శనలో సైంటిస్టు ఆమె చార్టు ముందు చాలాసేపు నిలబడ్డాడు. గీత బాగుందన్నాడు. బాణాలన్నీ లోపలికేనా, బయటికి ఏమీ రాదా అని అడిగాడు.

జవాబు నాలుక మీదే ఉంది. కానీ అది చెబితే ఎవరు చెప్పారో, ఆయన్ను ఏం చేశారో కూడా చెప్పాలి. శ్రీవాణి పెదవి కొరుక్కుంది. సైంటిస్టు ఆమె పేరు రాసుకోకుండానే పక్క బల్లకు వెళ్లిపోయాడు.

పెద్దసుబ్బయ్య కుతకుతలాడిపోయాడు. బెంగళూరు నుంచి ఆయన వచ్చింది ఈ మాట అడిగేదానికా? విసురుగా సభ కోసం వేసిన కుర్చీల్లో ముందు వరసలోకి పోయాడు. అక్కడ ఖాళీగా ఒకే కుర్చీ ఉంది. దాని మీద పరిచిన కొత్త శాలువా పక్కకు లాగేసి కూలబడ్డాడు.

ఎవరో భుజం తట్టారు. చూస్తే సైంటిస్టు. పెద్దసుబ్బయ్య తడబడుతూ లేవబోయాడు.

"కూర్చోండి, పర్వాలేదు," అన్నాడాయన గడియారం చూసుకుంటూ. "ఆ శాలువా నాకు చదువు చెప్పిన పుల్లయ్య సారు కోసం వేసింది, కారు పంపిస్తానన్నా వద్దని పొద్దున్నే బద్వేలులో బస్సెక్కినారంట, ఇంకా రాలేదు."