రెండు మూటలు

ఇస్త్రీ అతను ఆ రోజు బట్టలు రెండు మూటలుగా కట్టి తెచ్చాడు.

ఒకటి లిఫ్టు మెకానిక్‌ది. రెండోది అతని నాలుగేళ్ళ కూతురిది.

"నీకిచ్చింది ఒక్క మూటే కదయ్యా?" అన్నాడు మెకానిక్ గుమ్మంలో నిలబడి.

"ఇకనుంచి రెండుగా ఇవ్వండి సార్. మీ చొక్కాలతో కలిస్తే పాప గౌన్లకు సిగరెట్ వాసన పడుతోంది."

"ఉతికిన బట్టలకు వాసనేంటి?"

"ఉతికితే ముక్కుకు తెలియదు సార్. నీళ్ళు చల్లి వేడి పెట్టె పెడితే పైకి లేస్తుంది. ఏ ఇంట్లో ఎవరు తాగుతారో ఆ ఆవిరే చెప్పేస్తుంది."

చెప్పి, గోడ పట్టుకుని దగ్గాడు.

"నేను ఇంట్లో తాగను. మెట్ల మీదే తాగుతాను. పిల్ల ముందు ఒక్కటి వెలిగించానేమో దాన్నే అడుగు!"

"నిజమే సార్. కానీ తాగిన చొక్కాతోనే లోపలికెళ్ళి పాపను ఎత్తుకుంటారు కదా."

లోపల పాప దగ్గింది.

నెలకు రెండుసార్లయినా ఆ పిల్ల ఛాతీలో పిల్లికూతలు. ఆసుపత్రికి పరుగులు. ఇంట్లో ఎవరైనా తాగుతారా అని డాక్టరు అడిగినప్పుడల్లా ఎవరూ తాగరనే చెప్పేవాడు మెకానిక్. మెట్లు ఇల్లు కాదని అతని వాదన. తనకు పనికొచ్చే వాదన ఎవడికైనా న్యాయంగానే కనిపిస్తుంది.

"ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది?" అంది భార్య లోపలినుంచి.

"నువ్వూరుకో!" అని ఇటు తిరిగాడు. "నీ దగ్గు చూస్తే రోజుకు మూడు సిగరెట్ పెట్టెలు లాగేసినవాడిలా ఉన్నావు. నువ్వా నాకు నీతులు చెప్పేది?"

ఇస్త్రీ అతను నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వే మెకానిక్‌కు ఒళ్ళు మండించింది.

ఇస్త్రీ బల్ల ఆ మెట్ల కిందే ఉండేది. మెకానిక్ సిగరెట్ ఆర్పి లేచేసరికి కింద ఉతికిన చొక్కా ఒకటి సిద్ధంగా పట్టుకుని నిలబడేవాడతను.

"ఇది తొడుక్కుని పైకెళ్ళండి సార్. చేతులకు బకెట్లో నీళ్ళున్నాయి."

ఒకరోజు ఇంకో అడుగు ముందుకేశాడు.

"ఆసుపత్రిలో బుధవారాలు సిగరెట్ మాన్పించేవాళ్ళు కూర్చుంటారట. తోడు రమ్మంటే వస్తాను."

కింది వాటా టైలరు పగలబడి నవ్వాడు. "ఏమోయ్ మెకానిక్! నీకు పెళ్ళాం చాలదని అత్తగారు కూడా దిగిందే!"

మెట్లమీద ఉన్న నలుగురూ నవ్వారు.

మెకానిక్ తిన్నగా ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ఇస్త్రీ వాడి దగ్గు విన్నారా? ఏం రోగమో ఏమో. మన పిల్లల బట్టల మీదే దగ్గుతున్నాడు."

అంతే. పిల్లలు లేని ఇల్లు ఆ బిల్డింగులో లేదు.

మూడోరోజు బల్ల బండెక్కింది.

వెళ్ళేముందు ఇస్త్రీ అతను పైకొచ్చి మడతపెట్టిన గౌను ఒకటి అందించాడు. ఓనరుకు ఆ మాట ఎవరు మోశారో అతనికి తెలుసు. మొహంలో మాత్రం కనబడనివ్వలేదు.

"కోపం నా మీద ఎంతైనా పెట్టుకోండి సార్. పాప సంగతి మాత్రం చూసుకోండి."

మెకానిక్ తలుపు వేసుకున్నాడు.

వానాకాలం వచ్చింది. ఒక సాయంత్రం పాప పెదాలు నీలంగా మారాయి.

ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి గాలి ఎక్కించారు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ పాప వీపు మీద స్టెతస్కోపు ఆనించి విన్నది. తలెత్తి మెకానిక్‌ను చూసింది.

"మీరు కాస్త దూరంగా నిలబడండి."

"ఎందుకు మేడం?"

"మీ చొక్కా."

వార్డులో అందరూ అతని చొక్కా వైపే చూశారు.

"నేను... మెట్ల మీదే తాగుతాను మేడం."

"ఏది మెట్లో ఏది ఇల్లో ఆ పిల్ల ఊపిరికి తెలుసా?"

భార్య అతని మొహం చూడలేదు. ఆమె తిట్టినా కొంత బాగుండేది.

పాప అయిదురోజులు మంచం దిగలేదు. ఆ బుధవారం అతను ఒక్కడే వెళ్ళి, మాన్పించేవాళ్ళ గది ముందు వరసలో కూర్చున్నాడు.

మానడం తేలిక కాలేదు. చేతులు వణికి స్క్రూలు లిఫ్టు గుంతలో పడేవి. ఊరికే అందరిమీదా అరిచేవాడు. రెండుసార్లు ఓడిపోయాడు. మూడోసారి నలభై రోజులు నిలబడ్డాడు. పాప పిల్లికూతలు లేకుండా తెల్లారేదాకా నిద్రపోతోంది.

"ఇక వెళ్ళి ఆయనకు చెప్పిరా," అంది భార్య. "కాళ్ళు పట్టుకున్నా తప్పులేదు."

వీధులు పట్టుకు తిరిగితే ఇల్లు దొరికింది. ఒకటే గది. ఇస్త్రీ బల్ల గోడకు నిలబెట్టి ఉంది. గుమ్మంలో ఓ ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఇస్త్రీ చేసేవారు... లేరా పెద్దాయనా?"

"నా కొడుకేనా? పోయి పదిహేను రోజులైంది బాబూ. ఊపిరితిత్తులు పనిచేయడం మానేశాయి."

దారిపొడుగునా మెకానిక్ కూడగట్టుకున్న మాటలు చెప్పుకోవడానికి ఇక మనిషి లేడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"ఆయన కూడా... బాగా తాగేవారేమో కదా?"

ముసలాయన గోడకు నిలబెట్టిన ఇస్త్రీ బల్ల వైపు చూశాడు.

"వాడు జన్మలో సిగరెట్ ముట్టలేదు బాబూ. తాగింది నేను, చిన్నప్పుడు వాణ్ణి పక్కలో పడుకోబెట్టుకుని."