చివరిదాకా కూర్చున్న మనిషి

"ఒక్కసారి వాయించరా దేవదానం. ఒకే ఒక్కసారి. ఆ తర్వాత నా మొహం చూడొద్దు."

ఆకివీడులో చేపల లారీ పక్కన నిలబడి, స్నేహితుడి చేతులు పట్టుకుని బతిమాలుతున్నాడు సాదిక్. దేవదానం లారీ డ్రైవరు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చర్చిలన్నిట్లో అతనిలా డ్రమ్స్ వాయించేవాడు లేడు. ఇప్పుడు ఆ చేతులకి స్టీరింగే దిక్కు.

"పెదపాడు పెళ్ళి మర్చిపోయావా?" అన్నాడు దేవదానం. "పంక్తిలో కూర్చున్నోళ్ళు పప్పన్నం దగ్గరే లేచిపోయారు. ఆరోజు ఎంగిలి విస్తళ్ళ మీద కాకులు కూడా వాలలేదురా!"

సాదిక్ ఎలా మర్చిపోతాడు?

ఏలూరులో పుట్టి పెరిగిన అతనికి ఊహ తెలిసినప్పటినుంచి ఒకటే కల. తను విన్నవాళ్ళలో తనకి బాగా నచ్చినవాళ్ళని ఏరికోరి ఒక రాక్ బ్యాండు కట్టాలి. చర్చిలో దేవదానాన్ని విని వెంటపడ్డాడు. తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ఫంక్షన్లో హర్షిణి గొంతు విని ఆమె వెంటా పడ్డాడు, పాట కోసమే లెండి. గిటారు తనది. ముగ్గురూ కలిసి చేసింది ఒక్కటే కచేరీ, అది ఆ పెదపాడు పెళ్ళి. రెండో పాటకి పందిరి ఖాళీ అయింది. మూడో పాటకి పెళ్ళికొడుకు కూడా బాసికం చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వాళ్ళని ఎవరూ పిలవలేదు.

తండ్రి నబీ తన కుట్టుమిషను పక్కనే కొడుక్కి ఇంకో మిషను వేయించాడు. శుక్రవారం నుంచి కూర్చుంటానని సాదిక్ మాటిచ్చేశాడు. గిటారు నిజంగానే అటకెక్కింది.

సరిగ్గా అప్పుడే జగ్గారావు ఏలూరుకి వెతుక్కుంటూ వచ్చాడు. ఆకివీడు అవతల రైతు. కళ్ళు లోతుకుపోయాయి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"పెదపాడు పెళ్ళిలో వాయించింది మీరేనాండీ?"

తిట్టడానికి వచ్చాడనుకుని సాదిక్ హడలిపోయాడు. "మేమేనండి. క్షమించండి."

"అయ్యయ్యో, అంత మాటనకండి బాబూ! నేను చివరిదాకా కూర్చున్నానండి. మీరు వాయిస్తే ఎలాగుంటదో కళ్ళారా చూశాను."

సాదిక్‌కి గుర్తుకొచ్చింది. ఖాళీ పందిట్లో చిట్టచివరి కుర్చీలో ఒక మనిషి మిగిలిపోయిన మాట నిజమే.

"మీ ముగ్గురూ మా ఊరు రావాలండి," అన్నాడు జగ్గారావు. "ఒక్కరు తగ్గినా ఆ దెబ్బ రాదు. ఆరోజు వాయించిందే వాయించాలి, మెత్తమెత్తని పాటలొద్దండి. బాణసంచా కాల్చనివ్వట్లేదండి. ఇంక మీరే దిక్కు. మీరు రాకపోతే ఇంటిల్లిపాదీ మునిగిపోతామండి."

అంటూనే ఆ పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

కచేరీ లేకపోతే మునిగిపోవడమేమిటని సాదిక్ అడగొచ్చు. అడగలేదు. ఆకలి రుచెరగదంటారు. మెచ్చుకోలు కోసం మొహం వాచిపోయినవాడు కారణాలు అడుగుతాడా?

అదంతా విని దేవదానం, "నిజంగా ఏడ్చాడా?" అని అడిగాడు. "నిజంగానేరా" అన్నాడు సాదిక్. దేవదానం లారీ తలుపు వేసి "పద" అన్నాడు.

హర్షిణి తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తోంది. పెదపాడు తర్వాత ఆమె మనుషుల ముందు పాడలేదు. మిల్లు ఆడుతున్నంతసేపూ మాత్రం పాడుకుంటుంది, ఆ మోతలో ఎవరికీ వినపడదని.

"మళ్ళీ అందరూ లేచిపోతే?" అంది.

"లేవరు. మన పాట కోసం ఒక మనిషి ఏడ్చాడు హర్షిణీ. ఇంకేం కావాలి మనకి?"

"ఈసారి కూడా లేచిపోతే, బతికుండగా మళ్ళీ నోరు తెరవను సాదిక్. మిల్లులో కూడా."

తెల్లవారుజామున జగ్గారావు వాళ్ళని ఊరి బయట గట్టు మీదికి తీసుకెళ్ళాడు. ఆ ప్రాంతంలో గట్టు తప్ప వేరే నేల ఎక్కడుంది? స్టేజీ అక్కడ వేశారేమని ఎవరికీ అనిపించలేదు. మనిషెత్తు స్పీకర్లు పెట్టించాడు. ముందంతా దట్టమైన మంచు. పది అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు.

"ఇంత పొద్దున్నే వస్తారాండీ?" అంది హర్షిణి భయంభయంగా.

"వెలుతురు పడేసరికి దండు దిగిపోద్దండీ!" అన్నాడు జగ్గారావు. "ఏమైనా సరే, మధ్యలో ఆపొద్దండి. మీకు దణ్ణం పెడతాను."

సాదిక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిస్తే వెళ్ళిపోతున్న వీపులే కనిపిస్తాయని భయం. యా అల్లా, ఈ ఒక్కసారికి లేవనివ్వకు అనుకున్నాడు. దేవదానం పుల్లలు ఎత్తాడు. హర్షిణి గొంతు విప్పింది. గట్టు అదిరింది. అంత బాగా వాళ్ళు ఎన్నడూ వాయించలేదు.

ఉన్నట్టుండి మంచులోంచి పెద్ద శబ్దం లేచింది. చప్పట్లు! పదులూ వందలూ కాదు, వేల చప్పట్లు. సాదిక్‌కి దుఃఖం ఆగలేదు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారుతున్నాయి. పక్కన జగ్గారావు కూడా పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"బతికించారు బాబూ! మీ కడుపు చల్లగుండ! ఆపకండి, ఆపకండి!"

మూడో పాటకి ఎండ మొహం మీద పడింది. మంచు విడిపోతోంది. సాదిక్ గుండె చిక్కబట్టుకుని కళ్ళు తెరిచాడు.

కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. రేపోమాపో చేపలు పట్టాల్సిన జగ్గారావు చెరువు మీంచి, వాటిని మింగడానికి దిగిన వేలకొద్దీ నీటికాకులు రెక్కలు టపటపలాడించుకుంటూ, ప్రాణభయంతో కొల్లేరు వైపు పారిపోతున్నాయి.