కండ దాటిందా?

“ముందు నేను వెళ్తాను, తప్పుకోండి!” స్కానుకొచ్చిన లిఫ్టు మెకానిక్ అరుపుకి స్కానింగ్ సెంటర్లో అందరూ తలలు తిప్పారు.

“టోకెను నాది ముందండీ. నీళ్ళు తాగి ఉగ్గబట్టుకుని కూర్చుంది మీరొక్కరేనా?” అన్నాడు గళ్ళచొక్కా ఆయన.

“మీకేం? నాది క్యాన్సరు!”

గళ్ళచొక్కా ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు.

“అవేం మాటలండీ!” మెకానిక్ భార్య సిగ్గుతో చితికిపోయింది.

మాటలు అతని వశంలో లేవు. మూత్రాశయంలో గడ్డ. అది ఎంత దూకుడుదో, గోడలోని కండ దాకా పాకిందో లేదో ఈ ఎమ్మారైలో తెలుస్తుందన్నారు డాక్టరు. పైపైన ఉంటే గోకి తీసేస్తారు. కండలోకి దిగితే మూత్రాశయమే తీసెయ్యాల్సి రావచ్చు.

పిన్నీసుతో సహా ఒంటి మీది లోహపు వస్తువులన్నీ తీయించి, భార్యని కూడా లోపలికి రానిచ్చారు. బల్ల గొట్టంలోకి జరిగింది. ఆగిపోయిన లిఫ్టుల్లోంచి ఎంతమందినో బయటికి లాగినవాడికి, ముక్కుకి జానెడు ఎత్తులో కప్పు కనబడేసరికి ముచ్చెమటలు పోశాయి.

“నా కాలు వదలకే!”

“వదల్ను. మీరు కదలకండి. కదిలితే బొమ్మలు చెదిరిపోతాయట.”

మోత మొదలైంది. రేకుల మీద సమ్మెటతో బాదుతున్నట్టుంది. ఒక్కో దెబ్బా ‘దాటిందా? దాటిందా?’ అని అడుగుతున్నట్టే ఉంది. కాలి మీద ఆవిడ వేళ్ళు అతనికంటే ఎక్కువ వణుకుతున్నాయి.

కాసేపటికి మోత ఆగింది. ఆ వేళ్ళూ జారిపోయాయి.

“ఏమే?”

చెవుల్లో ఇంకా హోరు, జవాబేదీ వినబడలేదు. ఇక నా వల్ల కాదని, అవసరమైతే పిలవమని గుప్పిట్లో పెట్టిన రబ్బరు బుడ్డి నొక్కబోయాడు.

అంతలో కాలి మీద చెయ్యి పడింది. ఈసారి పట్టు ఉడుంపట్టు. ‘ధైర్యం తెచ్చుకుంది పిచ్చిది’ అనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి చివరిదాకా సడలలేదు.

మోత అంతా అయ్యాక మైకులో స్కాన్ డాక్టరు గొంతు వినిపించింది. “ఆఖరి మాట మీ సర్జన్‌గారిదే. నాకు కనబడినంతలో మాత్రం గడ్డ కండలోకి దిగలేదు. మరీ దూకుడుదిలా కూడా లేదు.”

బల్ల బయటికి జారింది. “విన్నావుటే!” అంటూ, కళ్ళు తుడుచుకుంటూ తలెత్తాడు.

కాళ్ళ దగ్గరున్నది భార్య కాదు. ఆసుపత్రి గౌను తొడుక్కున్న గళ్ళచొక్కా ఆయన.

“మీ ఆవిడకి కళ్ళు తిరిగితే బయట కూర్చోబెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది లెండి. గౌను మార్చుకుని గుమ్మంలోనే ఉన్నాను కదా అని నేనొచ్చాను.”

మెకానిక్ బల్ల దిగాడు. గళ్ళచొక్కా ఆయన బల్లకేసి ఓసారి చూశాడు.

“నాదీ ఆ గడ్డేనండీ. తోడు ఎవరూ రాలేదు. కాసేపు నా కాలు పట్టుకుంటారా?”