ఎగిరే ముందు

ఏ సినిమా ఆడుతుందో, ఏది బోల్తా కొడుతుందో తెర వంక చూడకుండానే చెప్పేయగల మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఎడిటర్. అందరూ అతన్ని కత్తెర అంటారు. ఇంతవరకూ అతని లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

అతని పద్ధతే వేరు. విడుదలకు నెల ముందు దారినపోయే వాళ్ళని ఓ యాభై మందిని పిలిచి, చిన్న హాల్లో సినిమా వేస్తారు. కత్తెర తెర పక్కన చీకట్లో, జనానికి ఎదురుగా నిలబడతాడు. ఎవరి చెయ్యి ఫోన్ వైపు పోతుందో చూస్తాడు. ఆ నిమిషాన్ని మర్నాడు కోసేస్తాడు.

ఈసారిది గాల్లో ఎగిరే వీరుడి కథ, మూడో భాగం.

పాతికేళ్ళ కిందట మొదటి భాగం చూస్తూ జనం కుర్చీల్లోంచి జానెడు పైకి తేలారు. రెండో భాగానికి కుర్చీలే మిగిలాయి.

"ఇదీ పోయిందంటే ఆఫీసుకి తాళమేరా," అన్నాడు దర్శకుడు. ఆయన కత్తెరకి స్వయానా బావ. "ఇక నువ్వు కోయడానికి మీ అక్క తెచ్చే కూరగాయలే మిగుల్తాయి."

"నామీద వదిలెయ్ బావా. ఒక్కడు ఆవలించినా నన్నడుగు."

దీపాలు ఆరాయి. ప్రొజెక్టర్ వెలుగులో దుమ్ము రేణువులు బరువు మర్చిపోయి తేలుతున్నాయి. యాభై మొహాలూ నీలంగా, నీటి అడుగున కలగంటున్నట్టున్నాయి.

ముందు వరుసలో ఓ ముసలాయన చెప్పులు విడిచి, ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీ మీద పాదాలు పెట్టాడు. తెర మీద వీరుడు ఎగరబోయినప్పుడల్లా ఆయన కాలివేళ్ళు కడ్డీని గట్టిగా పట్టుకుంటున్నాయి. కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికెక్కి ఉంది.

కత్తెరకి నవ్వొచ్చింది.

సినిమా అయ్యాక అందరికీ కాగితాలిచ్చారు. ముసలాయన పైన చిరునామా రాసి, అభిప్రాయం దగ్గర ఖాళీగా వదిలేశాడు.

"ఏం తాతా, నచ్చలేదా?"

"బాగుంది బాబూ. ఒక్క మాట అడగనా?"

"అడుగు."

"ఎగిరే ముందు ఆ పిల్లాడు కిందికి చూడడేం?"

"చూశాడు. ఆరు సెకన్లు. మా బావ ముచ్చటపడి తీస్తే నేనే లేపేశాను. వీరుడికి భయమేంటి తాతా?"

"భయం లేకుండా ఎగిరేవాటిని చూడాలంటే పిట్టలు లేవా బాబూ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కత్తెరకి ఒళ్ళు మండింది.

"అబ్బో! ఇంతకీ తమరు ఎన్నిసార్లు ఎగిరారో?"

ముసలాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"పదకొండు సార్లు."

హాలంతా గొల్లుమంది. ముసలాయన కూడా మొహమాటంగా నవ్వి, లేచి వెళ్ళిపోయాడు. తివాచీ మీద అడుగుల చప్పుడే లేదు. నేలకి తగలకుండా పోతున్నట్టుంది. చెప్పులు కుర్చీ కిందే ఉండిపోయాయి.

"ఆ ఆరు సెకన్లూ మళ్ళీ పెట్టేద్దామేంట్రా?" అన్నాడు బావ ఆశగా.

"నీకేమన్నా పిచ్చా బావా? ఒక్కడన్నా ఫోన్ తీశాడా?"

సినిమా విడుదలైంది. మూడో రోజుకే ఎత్తేశారు. కత్తెర లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని మొదట్లో గొప్పలు పోయింది నేనే, ఒప్పుకుంటాను. రెండో భాగానికీ తప్పింది, దీనికీ తప్పింది. జనం ఫోన్లు తీయని మాట నిజమే. ఊపిరి బిగబట్టని మాటా నిజమే. వచ్చారు, చూశారు, మెట్లు దిగేలోపు మర్చిపోయారు.

ఆఫీసు ఖాళీ చేసే రోజున కత్తెర ఆ చిన్న హాల్లోనే మొదటి భాగం వేసుకుని, ముందు వరుసలో కూర్చున్నాడు. అది ఎందుకు ఆడిందో ఇప్పటికైనా తెలుసుకుందామని.

కాలికి చెప్పులు తగిలాయి.

తెర మీద ఆకాశమంత మేడ. వీరుడు ఇంకా ఎగరలేదు. ముందు తెరనిండా రెండు పాదాలు కనిపించాయి. కాలివేళ్ళు పిట్టగోడ అంచుని పట్టుకుని సన్నగా వణుకుతున్నాయి. ఎక్కడో అడుగున వీధి, అందులో చీమల్లా మనుషులు.

కత్తెర ఊపిరి బిగబట్టాడు. పాదాలు గోడని వదిలేశాయి. కత్తెర కుర్చీలోంచి తేలినట్టయింది.

వెనక్కి తిప్పి, బొమ్మ ఆపాడు. కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికెక్కి ఉంది.

"బావా! ఈ కాళ్ళు హీరోవేనా?"

పెట్టెలు కడుతున్న బావ తలెత్తి చూశాడు. "హీరోకి నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరిగేవి, ఇంక ఎగరడం కూడానా! అది డూపు. నేనప్పుడు ఆ సెట్లో గొడుగు పట్టేవాణ్ణి. తాడు కట్టుకుని ఆయనే దూకేవాడు. పాపం, ఎత్తంటే చచ్చేంత భయం. వణుకుతూనే ఎక్కేవాడు, వణుకుతూనే దూకేవాడు."

"మనిషి ఎలా ఉండేవాడు?"

"ఎప్పుడూ వీరుడి ముసుగులోనే ఉండేవాడు. అది తీయగా ఎవడు చూశాడ్రా?"

కత్తెర సినిమా చివరిదాకా వేళ్ళు మడుస్తూ చూశాడు. వీరుడు ఎగిరింది పదకొండు సార్లు.

చెప్పులు చంకలో పెట్టుకుని, కాగితం మీది చిరునామా వెతుక్కుంటూ పరిగెత్తాడు. కింది వాటా. అంత భయం ఉన్నవాడు పై వాటాలో ఎందుకుంటాడు? తలుపు కొట్టాడు. ముసలాయన తలుపు తీసి, చెప్పుల వంక చూసి నవ్వాడు.

"ఇంత దూరం మోసుకొచ్చావా బాబూ! కూర్చో. ఈసారైనా ఆ పిల్లాణ్ణి కిందికి చూడనివ్వు."

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే. జనం జానెడు పైకి తేలడమంటారా? కాదు, అది నిజం. నేనూ ఆ హాల్లోనే ఉన్నాను.

ముసలాయన తలుపు తీయడమే కల్పన. తీసింది పక్క వాటావిడ, అదీ తన తలుపు. ఆయన పోయి వారమైందని చెప్పింది. కత్తెర ఆ చెప్పుల్ని తాళం వేసిన గుమ్మం ముందు జతగా పెట్టి, చాలాసేపు కిందికి చూస్తూ నిలబడ్డాడు.